ఓడిన ఆటలు ఏం చెబుతాయి? ఆన్‌లైన్ చదరంగంలో ఆటతీరును చదివే శాస్త్రం

రేటింగ్ పడిపోయిందని బాధపడే ఔత్సాహిక ఆటగాడికి అసలు తెలియాల్సింది వేరే ఉంది. తన స్థాయి వాళ్లంతా చేసే తప్పులేవి, తాను మాత్రమే చేసే తప్పులేవి అన్నదే ఆ సంగతి. ఈ రెంటినీ వేరుచేసే పద్ధతులు ఇప్పుడు అందుబాటులోకి వచ్చాయి.

ఫోనులో పది నిమిషాల చదరంగం ఆట ముగియగానే తెరమీద రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి రేటింగ్. గెలిస్తే కొంచెం పెరుగుతుంది, ఓడితే కొంచెం తగ్గుతుంది. రెండోది కచ్చితత్వం. మీరు వేసిన ఎత్తులు కంప్యూటర్ ఎంచుకునే ఎత్తులకు ఎంత దగ్గరగా ఉన్నాయో శాతంలో చెబుతుంది. చాలామంది ఈ రెండు అంకెలు చూసి సంతోషపడటమో, నిరాశపడటమో చేసి వెంటనే మరో ఆటకు బటన్ నొక్కేస్తారు. తమ బలం ఏమిటో, లోపం ఎక్కడుందో తెలియకుండానే వందల ఆటలు గడిచిపోతాయి.

మన దేశంలో చదరంగానికి ఇప్పుడు మంచి రోజులు నడుస్తున్నాయి. 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్‌లో జరిగిన చెస్ ఒలింపియాడ్‌లో భారత్ ఓపెన్, మహిళల విభాగాలు రెండింటిలోనూ స్వర్ణం గెలిచింది. ఆ జట్లలో పెంటేల హరికృష్ణ, అర్జున్ ఇరిగైసి, ద్రోణవల్లి హారిక ఉన్నారు. అదే ఏడాది డిసెంబరులో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. కోనేరు హంపి రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. వీళ్లను చూసి బోర్డు ముందు కూర్చున్న పిల్లలూ పెద్దలూ ఎందరో. కానీ గ్రాండ్‌మాస్టర్‌కు శిక్షకుడు ఉంటాడు, ఆటను విడదీసి చూపే బృందం ఉంటుంది. రాత్రి భోజనం అయ్యాక రెండు ఆటలు ఆడే ఉద్యోగికి ఆ సదుపాయం లేదు.

అయితే ఆ ఉద్యోగికి పాతకాలం ఔత్సాహికులకు లేనిది ఒకటి ఉంది. ఆయన ఆడిన ప్రతి ఎత్తూ, దానికి తీసుకున్న సెకన్లతో సహా, నమోదై ఉంటుంది. ఒకప్పుడు పెద్ద టోర్నీల ఆటలే కాగితం మీదకు ఎక్కేవి. వీధి అరుగు మీద ఆడిన ఆట పావులు తీసి డబ్బాలో వేయగానే మాయమయ్యేది. ఇప్పుడు లిచెస్ అనే స్వచ్ఛంద వేదిక 2013 జనవరి నుంచి తన దగ్గర జరిగిన రేటెడ్ ఆటలన్నిటినీ ఎవరైనా వాడుకునేలా బహిరంగంగా ఉంచుతోంది. అవి వందల కోట్ల ఆటలు. మనిషి నిర్ణయాలు ఎలా తీసుకుంటాడో, ఎక్కడ తప్పటడుగు వేస్తాడో పరిశీలించేవాళ్లకు ఇంత శుభ్రమైన సమాచారం మరోచోట దొరకడం కష్టం.

రేటింగ్ చెప్పేది, చెప్పనిది

రేటింగ్ లెక్కకు మూలపురుషుడు ఒక భౌతికశాస్త్ర ఆచార్యుడు. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన అర్పాద్ ఎలో మిల్వాకీలోని మార్క్వెట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవారు. ఆయన రూపొందించిన పద్ధతిని అమెరికా చెస్ సమాఖ్య 1960లో, అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించాయి. దాని సారం తేలికే. ఒక ఆటగాడి ప్రదర్శన ప్రతిరోజూ ఒకేలా ఉండదు, ఒక సగటు చుట్టూ ఊగిసలాడుతుంది. ఇద్దరి సగటుల మధ్య తేడాను బట్టి ఎవరికి ఎన్ని పాయింట్లు రావచ్చో అంచనా కట్టవచ్చు. తేడా 100 అయితే బలమైనవాడికి సుమారు 64 శాతం పాయింట్లు వస్తాయి. 200 అయితే 76 శాతం, 400 అయితే 91 శాతం.

ఆన్‌లైన్ వేదికలు వాడేది దీని తర్వాతి తరం పద్ధతిని. గణాంక శాస్త్రవేత్త మార్క్ గ్లిక్‌మన్ రూపొందించిన గ్లికోను చెస్.కామ్, దాని మెరుగైన రూపం గ్లికో-2ను లిచెస్ ఉపయోగిస్తున్నాయి. ఇందులో రేటింగ్‌తో పాటు ఆ రేటింగ్ మీద మనకు ఎంత నమ్మకం ఉండవచ్చో చెప్పే మరో సంఖ్య కూడా ఉంటుంది. కొత్త ఆటగాడి రేటింగ్ ఒక్క ఆటతో చాలా మారిపోవడానికీ, పాత ఆటగాడిది మెల్లగా కదలడానికీ కారణం ఇదే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూద్దాం. సమాన బలం ఉన్న ఇద్దరు 20 ఆటలు ఆడారనుకుందాం. డ్రాలు లేవనుకుంటే ఒక్కొక్కరికి సగటున 10 గెలుపులు రావాలి. నాణెం ఎగరేసినట్టే, ఈ సంఖ్య అటూ ఇటూ రెండు దాకా మారడం మామూలు. అంటే 12 గెలిచినా, 8 గెలిచినా ఆశ్చర్యం లేదు. కానీ 20లో 12 గెలిస్తే మీరు ప్రత్యర్థుల కన్నా 70 పాయింట్లు బలంగా ఆడినట్టు లెక్క వస్తుంది. 8 గెలిస్తే 70 పాయింట్లు తక్కువగా ఆడినట్టు వస్తుంది. ఆటలో ఏ మార్పూ లేకుండానే రెండు వారాల ప్రదర్శనల మధ్య 140 పాయింట్ల తేడా కనిపించవచ్చు. అలాగే సమానుల మధ్య 100 ఆటల్లో ఎక్కడో ఒకచోట వరుసగా ఐదు ఓటములు రావడానికి 80 శాతం అవకాశం ఉంది. ‘నా ఆట పాడైపోయింది’ అని ఆ రాత్రి అనుకునేవాళ్లలో చాలామంది ఆట ఏమీ పాడవదు.

రేటింగ్ ఒక థర్మామీటరు లాంటిది. జ్వరం ఉందో లేదో చెబుతుంది కానీ ఎందుకు వచ్చిందో చెప్పదు. 1200 రేటింగ్ ఉన్న ఇద్దరిలో ఒకరు ఎత్తుగడల్లో చురుకై ముగింపు ఆటలో తేలిపోతూ ఉండవచ్చు. రెండోవారు నిదానంగా కాచుకుని ఆడుతూ అప్పుడప్పుడు మంత్రినే ఉచితంగా ఇచ్చేస్తూ ఉండవచ్చు. అంకె ఒక్కటే అయినా వాళ్లకు కావలసిన మందు ఒక్కటి కాదు.

యంత్రం వేసే మార్కులు

కారణం వెతకాలంటే ఒక్కో ఎత్తునూ చూడాలి. ఈ పనికి స్టాక్‌ఫిష్ లాంటి చెస్ ఇంజిన్లు ఉన్నాయి. ఇవి ఏ మనిషి కన్నా బలంగా ఆడతాయి. బోర్డు మీద ఏ స్థితి చూపినా ఎవరిది పైచేయో ఒక సంఖ్యలో చెబుతాయి. ఆ సంఖ్యకు ప్రమాణం సెంటీపాన్. ఒక బంటు విలువలో నూరో వంతు అన్నమాట. మీ ఎత్తుకు ముందు, తర్వాత వచ్చే సంఖ్యల తేడానే ఆ ఎత్తు వల్ల మీకు కలిగిన నష్టం. ఆట మొత్తం మీద ఈ నష్టాల సగటు తీస్తే ఒక మార్కు వస్తుంది.

కానీ ఈ సగటులో ఒక చిక్కుంది. సమంగా ఉన్న స్థితిలో మూడు బంట్ల విలువ, అంటే ఒక గుర్రాన్నో శకటునో, పోగొట్టుకోవడం పెద్ద దెబ్బ. మంత్రికి సమానమైన ఆధిక్యంతో గెలుస్తున్న స్థితిలో అదే నష్టం జరిగితే పెద్దగా తేడా రాదు. అందుకే లిచెస్ సెంటీపాన్‌లను గెలుపు అవకాశంగా మార్చే సూత్రాన్ని వాడుతుంది. ఆ సూత్రంలో సంఖ్యలు పెట్టి చూస్తే సంగతి బోధపడుతుంది. సమస్థితి నుంచి మూడు బంట్లు నష్టపోతే గెలుపు అవకాశం 50 నుంచి 25 శాతానికి పడిపోతుంది. తొమ్మిది బంట్ల ఆధిక్యం ఆరుకు తగ్గితే 96 నుంచి 90కి మాత్రమే తగ్గుతుంది. నష్టం అంతే, ఫలితం వేరు. కాబట్టి తప్పులను వెతికేటప్పుడు గెలుపు అవకాశం ఎక్కడ ఒక్కసారిగా పడిపోయిందో చూడటం మేలు.

ఇదంతా బాగానే ఉంది కానీ యంత్రానికి ఒక పరిమితి ఉంది. తప్పు జరిగిందని చెబుతుంది తప్ప ఆ తప్పు మీ స్థాయిలో సహజమైనదా, తప్పించుకోగలిగినదా అన్నది దానికి తెలియదు. ఏడు ఎత్తుల ముందుచూపు కావలసిన రహస్యాన్ని మీరు చూడలేదనీ, ఎదురుగా ఉన్న చెక్‌మేట్‌ను చూడలేదనీ రెండింటికీ ఒకే రకం ఎర్రగుర్తు వేస్తుంది.

తప్పు ఆటగాడిదా, స్థితిదా?

ఈ ప్రశ్నను ఆష్టన్ ఆండర్సన్, జాన్ క్లైన్‌బర్గ్, సెంధిల్ ములైనాథన్ అనే పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో తీసుకున్నారు. బోర్డు మీద ఆరు లేదా అంతకన్నా తక్కువ పావులు మిగిలిన స్థితులన్నిటికీ సరైన సమాధానాలు పూర్తిగా లెక్కకట్టి ఉన్నాయి. వీటిని టేబుల్‌బేస్‌లు అంటారు. అక్కడ ఇంజిన్ అంచనాతో కూడా పనిలేదు. ఒక ఎత్తు గెలుపును చేజార్చిందో లేదో సందేహం లేకుండా చెప్పవచ్చు. ఆన్‌లైన్ ఆటల భారీ భాండాగారం నుంచి అలాంటి స్థితులను ఏరి, తప్పు జరగడానికి మూడు కారణాలను పోల్చారు. ఆటగాడి నైపుణ్యం, చేతిలో ఉన్న సమయం, స్థితిలో ఉన్న కష్టం.

మన ఊహకు మొదట తట్టేది నైపుణ్యమే. కానీ తప్పును ముందుగా పసిగట్టడంలో మిగతా రెంటికన్నా ఎక్కువగా పనికొచ్చింది స్థితి కష్టమే. అందుబాటులో ఉన్న ఎత్తుల్లో ఎన్ని తప్పుదారి పట్టిస్తాయన్నదాన్ని బట్టి ఆ కష్టాన్ని కొలిచారు. కొన్ని స్థితుల్లో అయితే ఎక్కువ రేటింగ్ ఉన్నవాళ్లే ఎక్కువగా పొరబడ్డారు.

ఔత్సాహికుడికి ఇందులో ఒక ఊరట, ఒక హెచ్చరిక ఉన్నాయి. కష్టమైన స్థితిలో తప్పు చేశామని కుంగిపోనక్కర్లేదన్నది ఊరట. ఎన్ని తప్పులు చేశామని లెక్కపెట్టినంత మాత్రాన మన గురించి పెద్దగా ఏమీ తెలియదన్నది హెచ్చరిక. ఏ రకం స్థితుల్లో చేశామో, అదే స్థితిలో మిగతావాళ్లు ఏం చేస్తారో కూడా తెలియాలి.

మనిషిలా ఆడే యంత్రం

ఆ ‘మిగతావాళ్లు ఏం చేస్తారు’ అన్నదానికి జవాబు చెప్పే ప్రయత్నమే మాయా. టొరంటో విశ్వవిద్యాలయం, కార్నెల్ విశ్వవిద్యాలయం, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ పరిశోధకులు కలిసి 2020లో దీన్ని ప్రకటించారు. మిగతా ఇంజిన్లు ఉత్తమమైన ఎత్తు ఏదని వెతుకుతాయి. మాయా మాత్రం ‘ఈ రేటింగ్ ఉన్న మనిషి ఇక్కడ ఏ ఎత్తు వేస్తాడు’ అని ఊహిస్తుంది. 1100 నుంచి 1900 వరకు వందేసి చొప్పున తొమ్మిది స్థాయిలకు తొమ్మిది నమూనాలు తయారుచేశారు. ఒక్కోదానికి ఆ స్థాయి వాళ్లు లిచెస్‌లో ఆడిన కోటీ 20 లక్షల ఆటలతో శిక్షణ ఇచ్చారు. తన స్థాయి మనిషి వేసే ఎత్తును మాయా సగానికి పైగా సందర్భాల్లో సరిగ్గా ఊహించింది. ఈ పనిలో స్టాక్‌ఫిష్ దానికి బాగా వెనకబడింది.

దీనివల్ల ఆటతీరు, బలం, లోపం అన్న మాటలకు కొలవదగిన అర్థం వస్తుంది. ఒక స్థితిలో దాదాపు సమానమైన మంచి ఎత్తులు మూడు ఉన్నాయనుకుందాం. ఒకటి దాడికి, ఒకటి రక్షణకు, ఒకటి పావుల మార్పిడికి. మీరు మళ్లీమళ్లీ దాడినే ఎంచుకుంటే అది మీ ఆటతీరు. అందులో తప్పూ లేదు, ఒప్పూ లేదు. మీ స్థాయివాళ్లలో ఎక్కువమంది పొరబడే చోట మీరు సరైన ఎత్తు వేస్తూ ఉంటే అది మీ బలం. మీ స్థాయివాళ్లలో ఎక్కువమంది సరిగ్గా ఆడే చోట మీరు పొరబడుతూ ఉంటే అది మీ లోపం. 1900 వాళ్లు కూడా చేసే తప్పును 1200 ఆటగాడు ఈరోజే దిద్దుకోవాల్సిన అవసరం లేదు. 1100 వాళ్లు కూడా చేయని తప్పును మాత్రం ముందుగా దిద్దుకోవాలి. తక్కువ శ్రమతో ఎక్కువ లాభం వచ్చేది అక్కడే.

ఒక ఆటగాడిని ఊహించుకుందాం

ఈ చూపుతో ఒక ఆటగాడి ఆటలు ఎలా చదవవచ్చో చూద్దాం. పది నిమిషాల ఆటలు ఆడే 1200 రేటింగ్ ఔత్సాహికుడిని ఊహించుకోండి. ఆయన ఆడిన 500 ఆటలు మన ముందున్నాయి.

ఆరంభంలో ఆయన ఎక్కువగా ఇటాలియన్ ఆట ఆడతాడు. రాజు ముందున్న బంటును రెండు గడులు నెట్టి, గుర్రాన్ని తీసి, శకటును సి4 గడికి తెస్తాడు. త్వరగా క్యాజ్లింగ్ చేసి రాజును భద్రం చేస్తాడు. మొదటి పన్నెండు ఎత్తుల్లో ఆయన గెలుపు అవకాశం తన స్థాయి వాళ్లకన్నా మెరుగ్గా ఉంటోంది. ఇది నిజమైన బలం. మంత్రుల మార్పిడికి అవకాశం వచ్చినా తప్పించుకుని ప్రత్యర్థి రాజు మీదికి పావులు నడుపుతాడు. ఇది ఆటతీరు.

ఇక లోపాలు. ఆయన్ను అడిగితే ‘నాకు టైమ్ చాలదు’ అంటాడు. గడియారం రికార్డు వేరే మాట చెబుతుంది. పెద్ద తప్పుల్లో ఎక్కువభాగం ఆరేడు నిమిషాలు చేతిలో ఉండగానే, రెండు మూడు సెకన్లలో వేసిన ఎత్తులు. తన దాడి గురించిన ఆలోచన మనసులో ఉండగా ప్రత్యర్థి వేసిన ఎత్తును ఆయన చూడటంలేదు. ముఖ్యంగా గుర్రాల విషయంలో. ప్రత్యర్థి గుర్రం సి7 గడిలోకి దూకి ఈ8లోని రాజుకు చెక్ చెబుతూ ఏ8లోని ఏనుగును కూడా పట్టేసే ఎత్తుగడ చెస్ నేర్చుకునేవాళ్లకు మొదట్లోనే ఎదురవుతుంది. 1100 స్థాయివాళ్లు చాలాసార్లు దాన్ని ముందే పసిగడతారు. ఈయన పసిగట్టడంలేదు. వెనక వరుస సంగతీ అంతే. క్యాజ్లింగ్ చేసిన రాజు ముందు మూడు బంట్లూ కదలకుండా ఉంటే, ఎదుటి ఏనుగు చివరి వరుసలోకి దిగగానే ఆట అయిపోతుంది.

ముగింపు ఆటల్లో ఆయన ఎక్కువసార్లు ఓడుతున్నట్టు కూడా లెక్క చూపిస్తుంది. ఇక్కడ తొందరపడితే పొరబడతాం. ముగింపు దశకు చేరేసరికే ఆయన ఒక గుర్రం తక్కువతో ఉంటే ఓటమికి కారణం మధ్యలో జరిగిన తప్పు. ముగింపు ఆట మీద నింద వేయడం సరికాదు. అందుకే సమస్థితిలో మొదలైన ముగింపు ఆటలను మాత్రమే విడిగా తీసి చూడాలి. అప్పుడు కూడా ఆయన తోటివాళ్లకన్నా వెనకబడితే లోపం అక్కడుందని ఒప్పుకోవాలి. ఉదాహరణకు రాజు, బంటు ఉన్న చిన్న ఆటలో తెల్లరాజు తన బంటుకు సరిగ్గా ముందు ఆరో వరుసలో నిలిస్తే, అది అంచు బంటు కానంతవరకు, ఎవరి వంతైనా తెలుపుదే గెలుపు. ఇది తెలియక బంటును ముందుకు తోసి డ్రా చేసుకునేవాళ్లు ఎందరో. ఒక్క సాయంత్రం కూర్చుంటే వచ్చే విద్య ఇది.

ఇలాంటి ఉచ్చు మరొకటి ఉంది. ఎక్కువసేపు ఆలోచించిన ఎత్తుల్లోనే తప్పులు ఎక్కువగా కనిపించవచ్చు. దాన్నిబట్టి ‘ఆలోచిస్తే చెడుతున్నాను, చకచకా ఆడితేనే మేలు’ అనుకోకూడదు. కష్టమైన స్థితి వచ్చింది కాబట్టి ఎక్కువసేపు ఆలోచించాడు. కష్టమైన స్థితి కాబట్టే తప్పూ జరిగింది. రెంటికీ కారణం ఒక్కటే.

ఆరంభాల మీద తీర్పు చెప్పేటప్పుడు కూడా సంఖ్యలు చాలినన్ని ఉండాలి. ఒక ఆరంభంతో 40 ఆటలాడి 24 గెలిస్తే 60 శాతం అని పొంగిపోతాం. గణాంకాల ప్రకారం అసలు బలం 45 నుంచి 75 శాతం దాకా ఎక్కడైనా ఉండవచ్చు. పదిహేను ఆటల ఫలితం చూసి సిసిలియన్ నాకు అచ్చిరాదని వదిలేయడం తొందరపాటే.

బుర్రలో నిలిచే నమూనాలు

లోపం తెలిశాక దిద్దుకోవడం ఎలా? దీనికి జవాబు చదరంగం మీద జరిగిన మనోవిజ్ఞాన పరిశోధనల్లో ఉంది. డచ్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఆడ్రియాన్ డి గ్రూట్ 1946లో వెలువరించిన సిద్ధాంత గ్రంథంలో ఆశ్చర్యమైన సంగతి బయటపెట్టారు. ఆలోచనల లోతులో గొప్ప ఆటగాళ్లకూ మంచి క్లబ్ ఆటగాళ్లకూ పెద్ద తేడా లేదు. గొప్పవాళ్లకు మొదటి చూపులోనే మంచి ఎత్తులు తడతాయి, అంతే.

1973లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ దీనికి కారణం వెతికారు. నిజమైన ఆటలోని ఒక స్థితిని ఐదు సెకన్లు చూపించి, గుర్తున్నంతవరకు మరో బోర్డు మీద పేర్చమన్నారు. మాస్టర్ మొదటి ప్రయత్నంలోనే పదహారు పావుల దాకా సరైన గడుల్లో పెట్టగా, కొత్తగా నేర్చుకున్నవాడు నాలుగైదు మాత్రమే పెట్టగలిగాడు. అవే పావులను ఇష్టం వచ్చినట్టు చెదరగొట్టి చూపిస్తే మాస్టర్ ఆధిక్యం దాదాపు మాయమైంది. మాస్టర్ జ్ఞాపకశక్తి మామూలుదే. ఆయన పావులను విడివిడిగా చూడడు, తెలిసిన గుంపులుగా చూస్తాడు. మనం అక్షరాలు కూడబలుక్కోకుండా మాటలుగా చదివేసినట్టే.

అలాంటి గుంపులు బుర్రలో నిలవాలంటే వరుసపెట్టి వేగపు ఆటలు ఆడితే చాలదు. నీల్ చార్‌నెస్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఆటగాడి రేటింగ్‌ను అంచనా వేయడానికి అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చింది ఒంటరిగా కూర్చుని శ్రద్ధగా చదివిన గంటల సంఖ్య. అయితే ఎంత సాధన చేస్తే అంత ఫలితం అన్న సూటి లెక్క కూడా లేదు. ఫెర్నాండ్ గోబే, గియెర్మో కంపితెల్లి అర్జెంటీనా ఆటగాళ్ల మీద చేసిన అధ్యయనంలో మాస్టర్ స్థాయికి చేరడానికి ఒకరికి సుమారు 3 వేల గంటలు సరిపోగా, మరొకరికి 23 వేల గంటలకు పైగా పట్టింది. దాదాపు ఎనిమిది రెట్లు తేడా. సాధన తప్పనిసరే కానీ అందరి ప్రయాణం ఒకేలా ఉండదు. పక్కవాడి రేటింగ్‌తో పోల్చుకుని ఆట మానేసే పిల్లలకూ, వాళ్ల తల్లిదండ్రులకూ ఈ సంగతి తెలియడం అవసరం.

ఆటతీరే వేలిముద్ర

ఆటతీరును కొలవగలిగినప్పుడు ఆటగాడిని గుర్తుపట్టనూ వచ్చు. మాయా బృందంలోని పరిశోధకులే 2021లో మరో పరిశోధన ప్రచురించారు. ఒక ఆటగాడివి వంద ఆటలు ముందుగా చూపిస్తే, పేరు తీసేసిన ఆటలను చూసి వేలమందిలోంచి అతన్ని 98 శాతం కచ్చితత్వంతో వాళ్ల పద్ధతి గుర్తుపట్టింది. ఔత్సాహికుల ఆటలతో శిక్షణ పొందిన ఆ పద్ధతి గ్రాండ్‌మాస్టర్లను కూడా గుర్తుపట్టగలిగింది. మనం వేసే ఎత్తుల్లో మన చేతిరాత లాంటిది ఉంటుందన్నమాట.

శిక్షణకు ఇది వరం. ‘1200 స్థాయి వాళ్లకు’ అని కాకుండా ‘మీకు’ సరిపడే పాఠం తయారుచేయవచ్చు. కానీ దీనికి మరో పక్క ఉంది. మారుపేరుతో ఆడేవాళ్లు తాము ఎవరికీ తెలియమనుకుంటారు. కొన్ని వందల నిర్ణయాలు చాలు, మనిషిని పట్టుకోవడానికి. చదరంగంలో సాధ్యమైనది టైపింగ్‌లోనో, డ్రైవింగ్‌లోనో, కొనుగోళ్లలోనో సాధ్యం కాదని చెప్పలేం. గోప్యతకు సంబంధించిన ఈ చిక్కును పరిశోధకులే ప్రస్తావించారు. చదరంగం మీద మొదలైన పరిశోధన చదరంగం దగ్గరే ఆగకపోవచ్చు.

మోసాన్ని పట్టే పద్ధతుల్లో ఉన్నదీ ఇలాంటి పోలికే. బఫలో విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్ శాస్త్రవేత్త కెన్నెత్ రీగన్ రూపొందించిన గణాంక నమూనా, ఫలానా రేటింగ్ ఉన్న మనిషి ఇంజిన్ ఎత్తులతో ఎంతమేరకు ఏకీభవించవచ్చో ముందుగా అంచనా కడుతుంది. అసలు ఆట ఆ అంచనాకు చాలా దూరంగా ఉంటే అప్పుడే అనుమానం. ఒక్క ఆట అద్భుతంగా ఆడినంత మాత్రాన ఎవరినీ దోషి అనలేం. ఇరవై ఆటల లెక్కలో చూసినట్టు, అదృష్టం కలిసొచ్చే రోజులు అందరికీ ఉంటాయి.

మీ వంద ఆటలతో మీరే చేయవచ్చు

ఈ పరిశోధనల సారాన్ని వాడుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఉచితంగా దొరికే ఇంజిన్ విశ్లేషణ, ఒక నోటు పుస్తకం చాలు. గత వంద ఆటల్లో ఓడినవి తీయండి. ప్రతి ఆటలోనూ గెలుపు అవకాశం మొదటిసారి 20 శాతానికి పైగా పడిపోయిన ఎత్తును గుర్తించండి. ఇంజిన్ ఏమంటుందో చూడకముందే, ఆ క్షణంలో మీరు ఏమనుకున్నారో ఒక వాక్యం రాసుకోండి. తర్వాత ఆ తప్పును ఒక గదిలో వేయండి. ప్రత్యర్థి బెదిరింపు చూడలేదు, రక్షణ లేని పావు వదిలేశాను, లెక్క తప్పాను, ముగింపు ఆట తెలియదు, సమయం లేదు. ఐదు గదులు చాలు. పక్కనే ఎన్ని సెకన్లలో ఆడారో కూడా రాయండి.

యాభై ఓటములు ఇలా పంచితే ఏదో ఒక గది మిగతావాటికన్నా బరువుగా కనిపిస్తుంది. ఒక నెలపాటు దాన్నే పట్టుకోండి. బెదిరింపులు చూడకపోవడమే జబ్బయితే, ఎత్తు వేసేముందు ప్రతిసారీ ‘ఇప్పుడు ఎదుటివాడు ఏం చేయబోతున్నాడు’ అని అడగడం అలవాటు చేసుకోవాలి. ముగింపు ఆట అయితే రాజు, బంటు పాఠాలు నేర్చుకోవాలి. ఆ తర్వాత మరో వంద ఆటలు ఆడి మళ్లీ లెక్కపెట్టండి. ఇలాంటి లెక్కల్లో అటూ ఇటూ ఊగిసలాట సుమారుగా ఆ సంఖ్య వర్గమూలమంత ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఒక గదిలో 16 తప్పులు 12కు తగ్గితే నిజంగా మెరుగయ్యారో లేదో ఇంకా చెప్పలేం. 16 నుంచి 6కు తగ్గితే అది కేవలం అదృష్టమని కొట్టిపారేయడం కష్టం.

ఈలోగా రేటింగ్ పెరగకపోవచ్చు. కొన్నాళ్లు తగ్గనూ వచ్చు. కొత్త అలవాటు పాత వేగాన్ని కాస్త దెబ్బతీస్తుంది కాబట్టి అది సహజమే. ఆ నెలరోజులూ రేటింగ్‌ను పక్కనపెట్టి నోటు పుస్తకంలోని గదినే చూసుకోండి. ఆ గది ఖాళీ అయ్యాక రెండో బరువైన గది పని మొదలుపెట్టవచ్చు.